గొల్లగుంట బడిపడవ

ఎర్రకట్టపల్లె చెరువుకు నీళ్లు రాక అది నాలుగో ఏడు. నెర్రెలిచ్చిన చెరువు నేల మీద ఆ దరి నుంచి ఈ దరికి ఒక కాలిబాట పడింది. తెల్లగా, తిన్నగా, నూనె రాసి పాపిట తీసినట్టుండేది. ఆ దరినున్న గొల్లగుంట పిల్లలు బడికి నడిచి నడిచి వేసిన బాట అది. పొద్దున్నే బడి అరుగు మీద నిలబడితే ఆ బాట వెంట పదకొండు తలలు ఊగుతూ రావడం కనిపించేది. కృపమణి టీచరు ఆ పదకొండూ లెక్కపెట్టుకున్నాకే గంట కొట్టేది.

కరువు రోజులు. ఊరి బయట గంజి కేంద్రం పెట్టారు. ప్రతి ఆదివారం చర్చిలో వాన కోసం ప్రార్థన జరిగేది. కృపమణి అందరితోపాటే మోకాళ్లూనేది. అయితే అందరూ 'ఆమెన్' అన్నాక, ఒక రెప్పపాటు ఆగితే గాని ఆమె గొంతు పెగిలేది కాదు. ఎందుకో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

ఏడేళ్ల కిందట ఆమె ఈ ఊరి మిషన్ బడికి వచ్చేనాటికి చెరువు నిండుగా ఉంది. చెరువు నిండితే ఊరికి పంట. గొల్లగుంటకు మాత్రం బడి మూత. చుట్టుదారిన రావాలంటే నాలుగు మైళ్లు, మధ్యలో వంక. వంక పారుతుంటే పెద్దవాళ్లే ఒకరినొకరు పట్టుకొని దాటాలి. చేపలు పట్టేవాళ్లు మునగబెండ్ల తెప్పల మీద చెరువులో తిరిగేవాళ్లు గాని, దాని మీద బిడ్డను ఎక్కించే తల్లి ఎక్కడుంటుంది? కార్తీకం నుంచి ఉగాది దాకా ఆ పిల్లలు రారు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు మళ్లీ 'అ' దగ్గర నుంచి దిద్దించాలి. సగం మంది అసలు రానే రారు.

ఈ కరువులోనే గొల్లగుంట పిల్లలు మొట్టమొదటిసారి మూడో తరగతి దాటారు. గిడ్డమ్మ కూతురు తిరుపతమ్మ నాలుగో తరగతి పుస్తకం గడగడా చదువుతోంది. వాన పడితే ఊరికి అన్నం వస్తుంది, తిరుపతమ్మకు చదువు పోతుంది. అలాంటి ఆలోచన రావడమే పాపమని కృపమణికి తెలుసు. ఆమె కూడా కరువు బిడ్డే. ఎప్పటిదో ఒక కరువులో తల్లీ తండ్రీ పోతే మిషన్ హాస్టల్లో పెరిగింది. ముప్పై ఆరేళ్లు వచ్చినా పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు, ఆమే ఎత్తుకోలేదు.

ఒకరోజు బడి బెంచీ కాలు విరిగితే బాగుచేయడానికి ఏసేపు మేస్త్రీ వచ్చాడు. మిషన్ వాళ్ల కార్ఖానాలో వడ్రంగం నేర్చుకున్న మనిషి. నలభై రెండేళ్లుంటాయి. భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. మాట తక్కువ. బెంచీ కింద పడుకొని చీల దిగగొడుతూ ఒక్కసారిగా సుత్తి ఆపేశాడు. ఎదురుగా గోడకు అంటించిన బొమ్మకేసి చూస్తున్నాడు.

మిషన్ డాక్టరు దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ పాత ఇంగ్లీషు పత్రికల కట్ట ఒకటి బడికి ఇచ్చిపోయింది. వాటిలో బాగున్న బొమ్మలు కత్తిరించి కృపమణి గోడకు అంటించింది. ఏసేపు చూస్తున్న బొమ్మలో ఒక చిన్న పడవ, ఒకే ఒక తెరచాప, రెండు తెడ్లు, లోపల నవ్వుతూ ఇద్దరు మనుషులు ఉన్నారు.

"దాని కింద ఏం రాసినారు టీచరమ్మా?"

"ఎవరింట్లో వాళ్లు కట్టుకోగలిగే సులువైన పడవ అని. ఎట్ల కట్టాలో లోపల పేజీల్లో ఉంది."

ఏసేపు లేచి వచ్చి బొమ్మకు ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడ్డాడు. "ఇది పెట్టె మాదిరే ఉండాది గదా. ముందర రొంత మొనదేలింది, అంతే. పెట్టె చేయడం వచ్చినోడు దీన్ని చేయలేడా?"

కృపమణి నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేని మాట అప్పుడు బయటికి వచ్చేసింది. చెరువు, గొల్లగుంట, వంక, ఆలస్యంగా వచ్చే ఆమెన్, అన్నీ చెప్పింది. చెప్పి, ఏమనుకుంటాడోనని తల దించుకుంది.

ఏసేపు తన అరచేతులు చూసుకుంటూ అన్నాడు. "ఈ రెండేండ్లలో బెంచీలకన్నా పెట్టెలే శానా చేసినా టీచరమ్మా. మీకు తెలుసు, ఏం పెట్టెలో. అన్నీ చిన్నవే. చేసి చేసి నా చేతులకు అదే కొలత అలవాటయిపోయినాది. బతికిండే పిల్లోల్లు కూర్చునేది ఒక్కటన్నా చేయాలని ఉండాది."

మర్నాటి నుంచే పని మొదలైంది. బడి వదిలాక చర్చి వరండాలో కృపమణి పత్రిక పట్టుకొని ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పేది. ఏసేపు బొగ్గుముక్కతో బండల మీద గీసుకునేవాడు. ఆమెకు వచ్చింది బడి ఇంగ్లీషు. పడవల ఇంగ్లీషు వేరే ఉంటుందని మొదటిరోజే తెలిసిపోయింది. తెలియని మాటలు వచ్చినప్పుడు ఇద్దరూ బొమ్మ చూసి ఊహించుకునేవాళ్లు. పడవ ముందుభాగానికి ఏసేపు 'ముక్కు' అని పేరు పెట్టాడు, వెనకభాగానికి 'పీట' అని. ఒకచోట కృపమణి చదువుతూ ఆగిపోయింది.

"ఏమైంది?"

"పక్కటెముకలు ఏడు అని ఉంది మేస్త్రీ."

"ఉంటాయి. ఒంపు నిలబడాలంటే లోపల ఎముకలుండాల గదా. మన దేవుడు మొదట పట్టింది గూడా పక్కటెముకనే. దాంతోనే గదా ఆడమనిషిని..." అంటూ ఏసేపు నాలుక కరుచుకున్నాడు. కృపమణి పేజీ తిప్పాల్సిన అవసరం లేకపోయినా తిప్పింది.

కొలతల పట్టీ దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. లోపలి గీతబొమ్మ పేజీ మూల చెదలు తినేశాయి. వెడల్పు రాసిన భాగం పోయింది. పట్టీలో పొడవు పన్నెండడుగులు అని ఉంది. దాని కింద 'బీమ్ నాలుగడుగులు' అని ఉంది. బీమ్ అంటే దూలమని కృపమణికి బాగా తెలుసు. ఇంటికప్పు గురించిన పాఠంలో ఆ మాట తనే పిల్లలకు చెప్పింది.

"నాలుగడుగుల దూలం ఒకటి పెట్టాలి," అంది.

"యాడ పెట్టాల?"

"అది రాయలేదు."

ఏసేపు బొగ్గుముక్కతో తల గోక్కున్నాడు. "ఇంత చిన్న పడవకు దూలమెందుకో. సరేలే, నడుమ పొడుగునా అడుగున వేస్తా. ఇంగ వెడల్పు చెక్కలను బట్టి రెండున్నర అడుగులు పెట్టుకుందాం."

చెక్కలు గంగిరెడ్డి తోటలో దొరికాయి. ఊరికి పెద్ద రైతు ఆయన. నీళ్లు లేక ఆయన మామిడితోటలో సగం చెట్లు నిలువునా ఎండిపోయాయి. ఏసేపు వెళ్లి ఒక మాను అడిగితే, ఎందుకని అడిగి, విని, పై పంచె జారిపోయేలా నవ్వాడు. "చెరువులో కప్పకు గూడా చోటు లేదు, నువ్వు పడవ కడతాండావా? తీసుకోపో అప్పా. పొయ్యిలో పెట్టేదానికి బదులు నువ్వు పెట్టుకో."

చర్చి పెద్దలు, బైబిల్లో ప్రళయం రాకముందే ఓడ కట్టిన నోవహును తలుచుకొని, ఏసేపుకు 'నోవహు మేస్త్రీ' అని పేరు పెట్టారు. వారం తిరిగేసరికి నోవహు ఎవరో తెలియనివాళ్లు కూడా అలాగే పిలవసాగారు. ఏసేపు పట్టించుకోలేదు. మాను కోయించి, చెక్కలు నీడన ఆరబెట్టి, కొట్టంలో పక్కటెముకలు నిలబెట్టాడు.

అయితే ఊరి నోటికి పడవ ఒక్కటే చాలదు. పెళ్లిగాని టీచరమ్మ, పెళ్లాం లేని మేస్త్రీ, రోజూ వరండాలో ఏం చదువులు అని బావి దగ్గర మాట పుట్టింది. చర్చి అయ్యగారు కృపమణిని ఏమీ అనలేదు గాని, "జాగ్రత్తమ్మా" అని మాత్రం అన్నాడు. ఆ మాట ఏసేపు చెవిన కూడా పడిందేమో, మర్నాడు వరండాకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం గడిచింది. సాయంత్రాలు కృపమణి ఒక్కతే వరండాలో, బండ మీద సగం చెరిగిన బొగ్గుగీతలను తొక్కకుండా తిరిగేది. తను దేనికోసం ఎదురుచూస్తోందో ఆ వారంలో ఆమెకు స్పష్టంగా తెలిసింది. గొల్లగుంట పిల్లల కోసం మాత్రమే కాదు.

ఎనిమిదోరోజు బడి వదలగానే పత్రిక చేతిలో పట్టుకొని, ఊరి నడివీధిన నడిచి, బావి దగ్గర ఆడవాళ్లందరూ చూస్తుండగా ఏసేపు కొట్టానికి వెళ్లింది. ఏసేపు చిత్రిక పడుతున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

"ఎందుకొచ్చినారు టీచరమ్మా? మీకు చెడ్డపేరు..."

"చదవాల్సింది ఇంకా మూడు పేజీలుంది. మీరు రాకపోతే పడవకు చుక్కాని ఎట్ల పెడతారు?" అని ఆమె చెక్కల దొంతి మీద కూర్చుని, వీధిలోవాళ్లకు కూడా వినబడేలా గట్టిగా చదవడం మొదలుపెట్టింది. రెండురోజులు ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి విన్నారు. చీలలు, గుగ్గిలం, తాళ్ల ముడులు. మూడోరోజు విసుగు పుట్టి ఎవరి పని వాళ్లు చూసుకున్నారు.

గుగ్గిలం ఆముదంలో కాచి, జనపనార కూరి సందులు పూడ్చాడు ఏసేపు. గంజి కేంద్రం వాళ్లు పారేసిన పాత గుడారం గుడ్డను కృపమణి దబ్బనంతో కుట్టి తెరచాప చేసింది. కుట్టి కుట్టి వేళ్లు బొబ్బలెక్కాయి. ఆమె కుడుతుంటే ఏసేపు అప్పుడప్పుడు పని ఆపి చూసేవాడు. ఆమె తలెత్తితే మళ్లీ ఉలి అందుకునేవాడు.

ఆ అక్టోబరులో, కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన సంబరం ఇంకా జనం నోళ్లలో ఉండగానే, వాన పట్టుకుంది. మూడురోజులు ఎడతెరిపి లేదు. నాలుగోరోజు తెరిపిచ్చేసరికి చెరువు ఎర్రగా, నిండుగా, ఎక్కువ నీళ్లు పొర్లిపోయే మరవ దాకా వచ్చి నిలిచింది. జనం కట్ట మీద నిలబడి ఏడ్చారు, నవ్వారు. కృపమణి కూడా ఏడ్చింది. ఆ ఆదివారం ఆమె ఆమెన్ అందరికన్నా ముందే వచ్చింది. పిల్లల కాలిబాట మాత్రం నీళ్ల కిందికి పోయింది.

పడవను నలుగురు మోసుకొచ్చి చెరువులో దింపారు. ఊరంతా కట్ట మీదే ఉంది. ఏసేపు ఎక్కి కూర్చున్నాడు, తెడ్డు వేశాడు, పడవ కదిలింది. జనం కేక పెట్టారు. పది బారలు పోయాక లేచి తెరచాప విప్పాడు. గాలి పట్టీపట్టగానే పడవ పక్కకు ఒరిగి, ఒరిగి, పొర్లి, బోర్లా పడింది. ఏసేపు నీళ్లలో మాయమై, కాసేపటికి తెరచాప గుడ్డ కింద నుంచి తల పైకి పెట్టాడు. బావుల్లో ఈత నేర్చినవాడు గనక భయం లేదు. కట్ట మీద నవ్వులు మాత్రం ఆగలేదు.

తడిసి ముద్దయి వచ్చినవాణ్ని గంగిరెడ్డి అడిగాడు. "ఏమప్పా, ఏంది కత?"

"నా చేతి తప్పు రెడ్డీ. అంచనా తప్పినా," అన్నాడు ఏసేపు. కృపమణి వైపు చూడలేదు.

ఆ మాట ఆమెకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. మేస్త్రీ చేతికి తప్పు రాదని ఆమెకు తెలుసు. శనివారం బస్సెక్కి తొమ్మిది మైళ్లు పోయి, తాలూకా ఊళ్లో మిషన్ బంగళాలో ఉన్న పెద్ద నిఘంటువు తీయించింది. బీమ్ అన్న మాట దగ్గర వేలు పెట్టి చదివింది. దూలం అని ఉంది. త్రాసు కాడ అని ఉంది. వెలుగు కిరణం అని ఉంది. చివరికి పోతే, పడవ వెడల్పు అని ఉంది.

వెడల్పు నాలుగడుగులు. రెండున్నర కాదు.

బస్సులో తిరిగివస్తున్నంతసేపూ కొంగు నోట కుక్కుకుంది. దిగి నేరుగా కొట్టానికి పోయింది. బోర్లించి ఆరబెట్టిన పడవ పక్కన ఏసేపు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"తప్పు నాది మేస్త్రీ. బీమ్ అంటే దూలం కాదు. వెడల్పు. నాలుగడుగుల వెడల్పు పెట్టమన్నారు వాళ్లు. నేను మిమ్మల్ని ఊరందరి ముందూ నీళ్లలో ముంచినాను."

ఏసేపు ఆశ్చర్యపోలేదు. "అట్లాంటిదేదో అయింటాదని ఆ పొద్దే అనుకున్యా. ఒరిగినప్పుడే తెలిసిపోయినాది, వెడల్పు చాలలేదని."

"మరి దూలం పెట్టేటప్పుడే గట్టిగా ఎందుకడగలేదు? అంత అనవసరమైన కొయ్య..."

"అడిగితే మీరు బాధపడతారేమోనని. మీరు చదివినారు, నేను పెట్టినా."

"తప్పు మీదని ఎందుకు చెప్పినారు అందరికీ?"

ఏసేపు పడవ అడుగు మీద చేత్తో నిమిరాడు. "నేను తప్పు చేస్తే ఒక పెట్టె చెడుతుందంతే. టీచరమ్మకు ఇంగ్లీషు రాదనుకుంటే బిడ్డల్ని ఎవరు పంపుతారు?"

కృపమణికి ఏడుపు ఆగలేదు. ఏసేపు కంగారుపడి చెంబుతో నీళ్లిచ్చి, ఏం చేయాలో తెలియక, "నడుమ చీల్చి, అడుగున ఇంకో రెండు చెక్కలు వేస్తే సరిపోతాది. ఎముకలు మారుస్తా. పది దినాల పని. ఏడవొద్దు, చెక్కలే కావల్ల ఇప్పుడు," అన్నాడు.

చెక్కలు ఊళ్లో లేవు. మిగిలిన మామిడి మాన్లు గంగిరెడ్డి ఎప్పుడో కట్టెలకింద ఇచ్చేశాడు. ఈ సంగతి వంక దాటి గొల్లగుంటకు ఎట్లా చేరిందో, నాలుగోరోజు పొద్దున్నే గిడ్డమ్మ, గొల్లగుంట పెద్ద గోపన్న వంకనీళ్లకు మొలదాకా తడిసి, నెత్తిన తలుపు ఒకటి మోసుకొని ఊళ్లోకి వచ్చారు. అది గిడ్డమ్మ ఇంటి తలుపు.

"ఇదేంది గిడ్డమ్మా, ఇంటికి తలుపు లేకుండా ఎట్ల?" అంది కృపమణి.

"నా ఇంట్లో దొంగెత్తుకపోయేది ఏముండాది తల్లీ? ఈ కరువులో దొంగే వచ్చినా రొంత గంజి పోసి పోతాడు," అని గిడ్డమ్మ పకపకా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "చెరువు నిండినాక పిల్ల గడప మీద కూచోని పుస్తకం ఇట్లా తిప్పుతాంటాది. చదివిందే చదువుతాంటాది. నేను సూడలేకుండా ఉండా."

గోపన్న తన వంతుగా మంచం పట్టెలు నాలుగు తెచ్చాడు. ఏసేపు తలుపును తట్టి చూసి, "పాత టేకు. మామిడికన్నా వెయ్యిరెట్లు మేలు," అన్నాడు.

ఈసారి కృపమణి చదవడంతో ఆగలేదు. చెక్కకు ఆ కొస పట్టుకుంది, చీలలు అందించింది, గుగ్గిలం కాచింది. దూలాన్ని ఊడదీసి పారేద్దామంటే ఏసేపు ఒప్పుకోలేదు. దాన్ని రెండు ముక్కలు చేసి, పిల్లలు కూర్చునే అడ్డబల్లలకు కింద ఆనింపుగా పెట్టాడు. పది రోజులన్న పని పన్నెండు రోజులు పట్టింది.

రెండోసారి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. మబ్బులు విడిపోయిన ఒక పొద్దున, పశువులను ఇంకా తోలకముందే, ఏసేపు, గోపన్న, ఇంకో ఇద్దరు కలిసి పడవను నీళ్లలోకి నెట్టారు. వెడల్పుగా, నింపాదిగా, బాతు కూర్చున్నట్టు కూర్చుంది. ఏసేపు తెడ్లు సర్దుకొని తల గోక్కున్నాడు.

"ఒక్కన్నే పోతే తేలిగ్గా ఉంటాది. పిల్లోల్లు కూర్చుంటే ఎట్లుంటాదో తెలియాలంటే బరువు కావాల. గోపన్నా, నువ్వు..."

"నేనెక్కుతా," అంది కృపమణి.

"మీకు ఈత రాదు గదా."

"మీకొచ్చు గదా."

బెండు ఒకటి నడుముకు కట్టించుకొని, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకొని ఎక్కింది. పడవ కొంచెం ఊగింది. ఆమె రెండు చేతులతో అంచులు బిగించి పట్టుకుంది. ఏసేపు తెడ్డు వేశాడు. కట్ట వెనక్కి పోయింది. చెరువు మధ్యకు రాగానే గాలి తూర్పు నుంచి వీచింది. ఏసేపు తెరచాప విప్పాడు. గుడ్డ ఒక్కసారి తపతపలాడి, నిండుకుంది. పడవ కాస్త ఒరిగింది. ఒరిగి అక్కడే ఆగింది. తర్వాత ఎవరో కింద చేయిపెట్టి తోసినట్టు ముందుకు పోయింది. తెడ్లు ఊరకే ఉన్నాయి. నీళ్లు పడవ ముక్కు కింద గలగలమన్నాయి.

కృపమణి అంచులు వదిలేసింది. ఎప్పుడు వదిలేసిందో ఆమెకే తెలియదు. కరువులో పుట్టిన మనిషి, ఇన్ని నీళ్ల మీద ఇంత తేలిగ్గా కూర్చోవచ్చని ఎన్నడూ అనుకోలేదు.

ఏసేపు చుక్కాని పట్టుకొని ఎక్కడో చూస్తూ అన్నాడు. "టీచరమ్మా, నేను చదువుకున్నోన్ని కాదు."

"తెలుసు."

"నలభై రెండేండ్లు నాకు."

"నేను రిజిస్టరు రాసుకోడానికి అడగలేదు గదా మేస్త్రీ."

ఏసేపు చుక్కాని ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు. "అయ్యగారితో మాట్లాడమంటావా?" అని, వెంటనే తడబడి, "అదే, మాట్లాడమంటారా?" అని దిద్దుకున్నాడు.

కృపమణి నీళ్లలో వేళ్లు ముంచింది. చల్లగా ఉన్నాయి. "మొదట ఎట్ల అన్నావో అట్లే అను," అంది.

ఏసేపుకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక చేతిలో తెరచాప తాడు పట్టుకున్న సంగతే మరిచిపోయాడు. పడవ తన దారి తను చూసుకొని, నీళ్లలో మునిగి కొమ్మలు మాత్రం పైకి ఉన్న తుమ్మచెట్ల గుంపులోకి పోయి ఇరుక్కుంది. తెరచాపకు ముళ్లు పట్టుకున్నాయి. కట్ట మీద నుంచి గోపన్న, "ఏమైంది మేస్త్రీ? మునిగినారా?" అని కేకేశాడు.

"లేదప్పా!" అని కేకేసి, ఏసేపు ఆమె వైపు తిరిగాడు. "మాట్లాడమంటావా కృపమణీ?"

"మాట్లాడు," అంది ఆమె. "ముందు ఈ ముళ్లు తీయి."

ఇద్దరూ వంగి ఒక్కో ముల్లూ విడదీస్తుంటే చేతులు గీసుకుపోయాయి. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. గొల్లగుంట దరికి చేరేసరికి పిల్లలందరూ మోకాటిలోతు నీళ్లలోకి దిగి నిలబడి ఉన్నారు. తిరుపతమ్మ పుస్తకం తడవకుండా నెత్తిన పెట్టుకుంది. ఒక్కొక్కరి నడుముకూ మునగబెండు కట్టి, మొదటి విడత ఆరుగురిని, రెండో విడత అయిదుగురిని ఎక్కించారు. ఆ పొద్దు బడి గంట పది దాటాక మోగింది.

క్రిస్మసు వెళ్లిన రెండోవారంలో అయ్యగారు వాళ్లిద్దరికీ చర్చిలో పెళ్లి చేశాడు. గొల్లగుంటవాళ్లు పడవలోనే విడతలు విడతలుగా వచ్చారు. గిడ్డమ్మ పెళ్లికూతురికి ఇంట్లో చిలికిన వెన్న ముద్ద తెచ్చింది. బావి దగ్గర మాటలాడిన ఆడవాళ్లే అరుగు మీద పెళ్లిపాటలు పాడారు.

పడవకు ఒక పద్ధతి ఏర్పడింది. పొద్దున ఏసేపు తెరచాప విప్పితే తూర్పుగాలి తోసుకుపోయి గొల్లగుంట చేర్చేది. పిల్లలతో తిరిగిరావడానికి తెడ్లు వేయాలి. సాయంత్రం పిల్లలను గాలితో దింపి, ఒక్కడే తెడ్డు వేసుకుంటూ వచ్చేవాడు. ఆదివారాలు కృపమణికి చుక్కాని పట్టడం నేర్పాడు. గాలిని చెంపతో కనిపెట్టాలని, తాడు బిగించి కట్టేయకుండా చేతిలోనే ఉంచుకోవాలని, భయమేస్తే తాడు వదిలేస్తే చాలని చెప్పాడు. ఆమె బడిపిల్లలా ప్రతి మాటా తిరిగి అప్పగించేది.

ఫిబ్రవరిలో ఏసేపుకు చలిజ్వరం పట్టుకుంది. దుప్పట్లు రెండు కప్పినా వణుకు తగ్గలేదు. అయినా పొద్దున్నే లేచి తలపాగా చుట్టుకోబోయాడు.

"యాడికి?"

"పిల్లోల్లు ఎదురు చూస్తాంటారు."

"చూడనీ. నేను పోతా." ఆమె ఆయన్ను భుజాలు పట్టి మంచం మీద కూర్చోబెట్టింది. "గాలి చెంపకు తగలాల. తాడు కట్టేయకూడదు. భయమేస్తే వదిలేయాల. ఇంగేమన్నా మిగిలిందా?"

ఏసేపు తలపాగా గుడ్డ పక్కన పెట్టేశాడు.

ఆ పొద్దు గోపన్న ఏదో పని మీద ఈ దరినే ఉండడంతో పడవ నీళ్లలోకి నెట్టి సాయం చేశాడు. ఆమె తెరచాప విప్పింది. గాలి బలంగానే ఉంది. తుమ్మచెట్లు దగ్గరికి వస్తున్నట్టనిపించి తాడు వదిలేసింది. గుడ్డ తపతపమని కొట్టుకుంది, పడవ ఆగింది, ఏమీ కాలేదు. మళ్లీ తాడు లాగింది. ఈసారి చెట్లను పక్కకు తప్పించి దాటేసింది. గొల్లగుంట దరిన పిల్లలు టీచరమ్మ ఒక్కతే రావడం చూసి కేకలు పెట్టారు. తిరిగివచ్చేటప్పుడు తిరుపతమ్మ ఒక తెడ్డు, ఆమె ఒక తెడ్డు వేశారు. పడవ వంకరటింకరగా పోయింది గాని, పోయింది. రెండు విడతలయ్యేసరికి ఆమె అరచేతులు పచ్చిపుండయ్యాయి. సాయంత్రం మళ్లీ అంతా చేసింది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఏసేపుకు జ్వరం దిగి చెమట పట్టింది. గోడకు ఆనుకొని కూర్చుని వాకిట్లోకే చూస్తున్నాడు. కృపమణి రాగిగంజి కాచి, చల్లార్చి, గిన్నె ఆయన చేతికిచ్చింది. గిన్నె అందుకుంటూ ఏసేపు ఆమె అరచేయి తిప్పి చూశాడు. గూట్లోంచి ఆముదం తీసుకొని, తన వేళ్లతో ఆ బొబ్బల మీద మెల్లగా రాశాడు.

"ముందు గంజి తాగు," అంది ఆమె.

"తాగుతాలే. గాలి ఎట్లుండె?"

కృపమణి మంచం పక్కన నేల మీద కూర్చుని, పొద్దున మొదటిసారి తెరచాప విప్పినప్పటి నుంచి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది.